డీప్‌లో ఏముండేది?

చుట్టం వస్తే వంటింటి గడప దగ్గర ఆగుతాడు. ఫ్రిజ్ మెకానిక్ మాత్రం తిన్నగా లోపలికెళ్ళి, పై డబ్బా తలుపు తీసి అందులో తల పెడతాడు. కంచరపాలెం ఐటీఐలో పని నేర్చుకుని, 1980ల నుంచీ నర్సీపట్నంలో నేను చేసింది అదే. గుమాస్తాల క్వార్టర్లు, అబీద్ సెంటర్ దుకాణాల వెనకిళ్ళు, పెదబొడ్డేపల్లి రైతుల ఇళ్ళు, బలిఘట్టం దాకా సైకిల్ మీద తిరిగాను. ఎవరేం తింటారో, ఏం దాస్తారో, ఏం పారేస్తారో వాళ్ళ చుట్టాల కన్నా నాకే ఎక్కువ తెలుసు. ఆ పై డబ్బాని మా ఊళ్ళో అందరూ ‘డీప్’ అంటారు. డీప్‌లో ఏముండేదో చెబితే మా ఊరి వంటింటి చరిత్ర కొంత చెప్పినట్టే.

మొదట చెప్పాల్సింది, చాలా ఏళ్ళు అందులో కూరగాయ అన్నదే కనబడలేదని. ఐసు ట్రేలుండేవి. పిల్లలున్న ఇళ్ళల్లో స్టీలు గ్లాసులో పంచదార పాలు పోసి పుల్ల గుచ్చిన పాలైసు ఉండేది. ఎండాకాలం పేరంటానికి వచ్చినవాళ్ళకి రస్నాలో వెయ్యడానికి ఐసుముక్కలు. అంతకు మించి ఏమీ లేదు. ఇళ్ళల్లో కాయగూర మిగలక కాదు. మిగిలినదానికి వేరే దారులుండేవి, అవి బాగానే నడిచేవి.

మా పెరట్లో కుడితి గోలెం ఉండేది. బియ్యం కడిగిన నీళ్ళు, వార్చిన గంజి, ఆనపకాయ చెక్కు, పుచ్చు వంకాయలు, ముదిరిపోయిన బెండకాయలు అన్నీ అందులోకే పోయేవి. తవుడు కలిపి గేదె ముందు పెడితే పొద్దున్నకి పాలై వచ్చేది. గేదె కూడా ముట్టనిది పెంటకుప్పకి, అక్కణ్ణుంచి వైశాఖంలో పొలానికి వెళ్ళేది. చెత్తబుట్ట అనే వస్తువు మా ఇంట్లో నేను పెళ్ళి చేసుకున్నాక వచ్చింది. అసలు తొక్కైనా తిన్నగా గోలెంలోకి పోయేది కాదు. బీరకాయ చెక్కు, అరటికాయ తొక్క ముందు రోటి దగ్గర ఆగేవి. నువ్వులూ ఎండుమిరపకాయలూ వేసి నూరితే అవే మధ్యాహ్నం పచ్చడి. రాత్రి మిగిలిన వంకాయ కూర మర్నాడు చింతపండు పులుసులో పడి బెల్లం ముక్కతో మరిగేది. మిగిలిన అన్నం తరవాణి కుండలో ఊరి, తెల్లారి ఉల్లిపాయతో పొలం వెళ్ళే మగాళ్ళ కడుపులోకి వెళ్ళేది.

ఇదంతా ఒకటి రెండు రోజుల మిగులు సంగతి. ఋతువు మిగులుకి లెక్క వేరు. సంక్రాంతి వెళ్ళాక మా చుట్టుపక్కల చిక్కుడు, వంకాయ, టమాటా, గోరుచిక్కుడు ఒక్కసారిగా దిగుతాయి. సంత సాయంత్రం అయ్యేసరికి గంపలో మిగిలిన వంకాయలు ఇంటికి మోసుకెళ్ళలేక ఎంతకో అంతకి ఇచ్చేసి పోయేవారు. మా మామ్మ కాచుకుని ఉండి, ఆ గంట దాటాకే సంతకి వెళ్ళేది. కొత్త అమావాస్య వెళ్ళి ఎండలు ముదిరాక ఒరుగుల పని మొదలయ్యేది. వంకాయ, బెండ, కాకర, దొండ, మామిడి చెక్కలు ఉప్పూ పసుపూ పట్టించి, కొన్నిటిని పుల్లమజ్జిగలో నానబెట్టి, పాత పంచె మీద పరిచేవారు. కాకుల్ని తోలడానికి చేతికి కర్రిచ్చి మమ్మల్ని కూర్చోబెట్టేవారు. నాలుగైదు ఎండలు తగిలాక ముక్క చేత్తో విరిస్తే టక్కున చప్పుడు రావాలి. మెత్తగా వంగితే మళ్ళీ ఎండలోకే. ఆ చప్పుడు వినే దాకా మామ్మ జాడీ మూత తీసేది కాదు. బూడిద గుమ్మడికాయదైతే రెండు రోజుల పండగ. ముక్కలు తరిగి ఉప్పు కలిపి గుడ్డలో మూటకట్టి, పైన తిరగలి రాయి పెట్టేవారు. రాత్రంతా నీరు కారిపోయాక తెల్లారగట్ల మినప్పిండీ పచ్చిమిర్చీ కలిపి వడియాలు పెట్టేవారు.

ఈ ఏర్పాటు చాలా పాతది. పదహారో శతాబ్దం మొదట్లో శ్రీకృష్ణదేవరాయలు రాసిన ‘ఆముక్తమాల్యద’లో ముసురు పట్టిన రోజుల్లో విష్ణుచిత్తుడి భార్య అతిథుల కోసం వండినవాటిలో వడియాలూ వరుగులూ ఉన్నాయి. ఆవిడ పొగ రాకుండా కొబ్బరి చిప్పలు మంట పెట్టి వండింది. రాజుగారికి యుద్ధాలతో పాటు వానాకాలం వంటింట్లో ఏం దొరుకుతుందో కూడా తెలుసన్నమాట. పచ్చికూర దొరకని నెలల కోసం దొరికే నెలల్లోనే దాచుకోవాలి. అయిదు వందల ఏళ్ళ తర్వాత మా మామ్మ చేసిందీ అదే. శ్రావణం, భాద్రపదాల్లో కొండవాగులు పొంగి బళ్ళు ఆగిపోతే మా ఇంట్లో వంకాయ ఒరుగుల పులుసు ఉడికేది.

బళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చేవంటే మన్యం నుంచి. మా ఊరు మన్యానికి గుమ్మం. ఇక్కణ్ణుంచి చింతపల్లికి లంబసింగి మీదుగా ఎక్కే ఘాట్ దారి వెయ్యడానికి గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన్యం జనాన్ని చాలీచాలని కూలికి తోలాడు. ఆ కడుపుమంటా కలిసే 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దండు చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడింది. తర్వాత ఆ దారినే చింతపండు, పసుపు, పనసకాయలు, చింతపల్లి రాజ్మా మా సంతకి దిగాయి. కొండమీద వాళ్ళు మిగులుని చూసే తీరు మాకన్నా గట్టిది. మామిడిపండు తిన్నాక మేం పారేసే టెంకని వాళ్ళు ఎండబెట్టి, లోపలి పప్పు దంచి, వగరు పోయేదాకా నీళ్ళలో కడిగి, వానాకాలం అంబలి కాచుకునేవారు. ‘తిండి వృథా చెయ్యకండి’ అని గోడమీద రాసిన ఊళ్ళో ఎవరికీ ఆ టెంక పప్పు రుచి తెలీదు.

అదే ఘాట్ మీద, వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగిలో చలికాలం తెల్లవారుజామున వేడి సున్నా దగ్గరికి దిగుతుంది. దిగువన మా ఊళ్ళో మేలో ఫ్యాను గాలి కూడా కాలుతుంది. చలి అంత దగ్గర్లో ఉన్నా మాకు అక్కరకొచ్చింది మాత్రం ఎండే.

ఇంట్లోకి చలి తీగమీద వచ్చింది. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు మొదలయ్యాక విశాఖ జిల్లాకి కరెంటు రావడం ఊపందుకుంది. అంతకు ముందు ఐసంటే దూరపు సరుకు. అమెరికాలో చెరువుల మీద కోసిన మంచుగడ్డల్ని ఫ్రెడరిక్ ట్యూడర్ అనే బోస్టన్ వర్తకుడు 1833లో కలకత్తాకి ఓడలో పంపాడు. మద్రాసులో ఆ మంచు దాచిన ఐస్ హౌస్ 1842లో కట్టిందే, ఇప్పటికీ మెరీనా మీద నిలబడి ఉంది. మా ఊరి పెళ్ళిళ్ళకి మాత్రం ఫ్యాక్టరీ ఐసు ఊకలో, గోనెసంచుల్లో చుట్టి లారీ మీద వచ్చేది. ఇక ఇంటి ఫ్రిజ్ అంటే, మన దేశంలో తొలిదాన్ని గోద్రెజ్ 1958లో తయారుచేసింది. తెలుగువాళ్ళకి ఇంటి సరుకు హైదరాబాద్ ఆల్విన్. 1942లో పుట్టిన ఆ సంస్థ బస్సు బాడీలు, చేతి వాచీలు, ఫ్రిజ్‌లు అన్నీ చేసేది. 1990ల్లో దాని ఫ్రిజ్‌ల వ్యాపారం వోల్టాస్ చేతికి వెళ్ళింది. నేను విప్పిన మొదటి ఫ్రిజ్ ఆల్విన్‌దే. దాని తలుపు మూస్తే వచ్చే చప్పుడులో బస్సు తలుపు బరువు ఉండేది.

ఆ రోజుల్లో నా శత్రువు లో-వోల్టేజి. దీపాలు పెట్టే వేళకి ఊరంతా బల్బులు ఎర్రగా మసకబారేవి. కంప్రెసర్ గుయ్‌మని మూలిగేది, రిలే టక్కున పడిపోయేది. స్టెబిలైజర్ లేని ఇంట్లో ఫ్రిజ్ ఉన్నా లేనట్టే. అలాంటి డీప్‌ని నమ్మి ఎవరూ వారానికి సరిపడా తిండి పెట్టరు. పైగా అవి ఒంటి తలుపు ఫ్రిజ్‌లు. డీప్ మీద చుక్కల గుర్తులుండేవి: ఒక చుక్కకి మైనస్ 6 డిగ్రీలు, రెండు చుక్కలకి మైనస్ 12, మూడుంటే మైనస్ 18. మూడు చుక్కలుంటేనే నెలల తరబడి దాచడం కుదురుతుంది. మా ఊళ్ళో చుక్కలెన్ని ఉన్నాయని చూసి ఫ్రిజ్ కొన్నవాళ్ళని నేనెరగను. రంగు చూసి కొన్నారు.

ఇంకో అడ్డు కరెంటుకి సంబంధించింది కాదు. వండింది రాత్రి దాటితే చద్ది. మడి కట్టుకునే ఇళ్ళల్లో అది దేవుడికీ పనికిరాదు, పెద్దవాళ్ళకీ పనికిరాదు. ఫ్రిజ్‌లో పెట్టినా చద్ది చద్దే. ఒక పెద్దావిడ నన్ను పిలిచి, “బాబూ, ఈ అర మడిది, అది పిల్లల చద్దిది. నువ్వు చెయ్యి పెడితే కిందరలోనే పెట్టు,” అంది. కంప్రెసర్ వెనకుందమ్మా అని చెప్పి బయటపడ్డాను. పచ్చి కాయకి ఈ పట్టింపు లేదు. అందుకే డీప్‌లోకి మొదట వెళ్ళింది వండిన కూర కాదు, తురిమిన కొబ్బరి. ఆ పట్టింపులు లేని ఇళ్ళల్లో చేపలూ రొయ్యలూ దానికన్నా ముందే వెళ్ళాయి. పెంటకోట నుంచి, రేవుపోలవరం నుంచి గంపలు వచ్చే రోజు నా పనివేళలు మారిపోయేవి. కూలింగ్ రావట్లేదని పిలిచే ఇల్లాలికి తొందర ఎక్కువ. “బేగి రా తమ్ముడూ, కిలో రొయ్యలున్నాయి లోపల!”

పచ్చి బఠానీ ఇంకాస్త తర్వాత వచ్చింది. దిల్లీలో మదర్ డెయిరీ వాళ్ళ సఫల్ 1988లో మొదలైంది. గడ్డకట్టిన బఠానీ పొట్లం మా ఊరి దుకాణాలకి చేరడానికి మరి చాలా ఏళ్ళు పట్టింది. ఆ బఠానీ చేసిన పెద్ద పని, గట్టిగా గడ్డకట్టిన కూరగాయ కూడా తినొచ్చని నమ్మించడం. ఆ నమ్మకం అమెరికాలో పుట్టింది. క్లారెన్స్ బర్డ్‌సై అనే ఆయన 1912 తర్వాత లాబ్రడార్‌లో ఉన్నప్పుడు, అక్కడి ఇన్యూట్ జనం పట్టిన చేప ఆ చలిగాలికి క్షణాల్లో బిగుసుకుపోవడం, నెలల తర్వాత వండినా తాజాగా ఉండడం చూశాడు. 1930లో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ దుకాణాల్లో అలాంటి చేపా బఠానీ అమ్మకానికి పెట్టారు. ఆయన కనిపెట్టిన కిటుకు వేగం. త్వరగా గడ్డకడితే మంచు పలుకులు సన్నగా ఉంటాయి, కాయ లోపలి గోడలు చిరగవు. మన ఇంటి డీప్ నెమ్మది మనిషి. అందులో పెట్టిన టమాటా కరిగాక నీళ్ళోడుతుంది, వంకాయ నల్లబడుతుంది, ఆనపకాయ పీచవుతుంది. ఇల్లాళ్ళు వచ్చి నన్ను తిట్టేవారు. ఫ్రిజ్ బాగానే ఉందమ్మా, కాయ తప్పు కాదు, ఫ్రిజ్ తప్పూ కాదు అంటే ఎవరూ వినరు.

చిక్కుడు గింజలు, బీన్స్, మునక్కాడ ముక్కలు, పనసపొట్టు బాగానే నిలుస్తాయి. అయితే గింజల్నీ బీన్స్‌నీ పచ్చిగా పెట్టకూడదు. చలిలోనూ కాయలోని ఎంజైములు మెల్లగా పని చేస్తూ రంగూ రుచీ తినేస్తాయి. మరిగే నీళ్ళలో రెండు మూడు నిమిషాలు ముంచి, వెంటనే చల్లటి నీళ్ళలో వేసి, తడి ఆరాక సంచిలో కట్టాలి. ఇది టీవీ వంటల కార్యక్రమంలో చూసి మావిడ కొత్త విద్యలా చెబితే నాకు నవ్వొచ్చింది. మా మామ్మ గోరుచిక్కుడుని ఎండలో వేసే ముందు ఉప్పునీళ్ళలో ఒక్క పొంగు రానిచ్చేది. ఎంజైమన్న మాట ఆవిడకి తెలీదు. అలా చెయ్యకపోతే ఒరుగు గడ్డివాసన వేస్తుందని తెలుసు. అసలు రెండు పనులకీ మూలం ఒక్కటే. కూరగాయలో నూటికి తొంభై పాళ్ళు నీరు. బూజుకీ బాక్టీరియాకీ ఆ నీరే బతుకు. ఎండ ఆ నీటిని తీసుకుపోతుంది. డీప్ తియ్యదు, తాళం వేస్తుంది. కరెంటు పోతే తాళం ఊడుతుంది.

అది ఊడిన రోజు మా ఊరందరికీ గుర్తుంది. 2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. స్తంభాలు విరిగి, తీగలు రోడ్ల మీద పడి, రోజుల తరబడి కరెంటు లేదు. అప్పటికి ఊళ్ళో డీప్‌లు నిండుగా ఉండేవి. మూడో రోజుకి ప్రతి సందులోనూ కరిగిన డీప్ వాసన. వలిచిన బఠానీ, కొబ్బరి, ఏడాదికి సరిపడా దాచిన చింతచిగురు కాలవల్లో పోశారు. కరెంటు వచ్చాక నాకు ఊపిరాడని పని. తుపానుకి రెండేళ్ళ ముందు, 2012లో గంటల తరబడి కోతలున్నప్పుడు ఎవరూ డీప్ నింపేవారు కాదు. కోతలు తగ్గాయని నమ్మి నింపితే గాలివాన ఖాళీ చేసింది.

డీప్‌లు ఎప్పుడు నిండాయంటే, నా లెక్కలో ఇళ్ళల్లో గేదెలు పోయాకే. 2000 తర్వాత ఊరు పెరిగింది. పెరళ్ళు పోయి పోర్షన్లు, అపార్ట్‌మెంట్లు వచ్చాయి. కుడితి గోలెం పగిలింది. మేడమీద ఎండబెట్టుకుందామంటే మేడ ఓనరుది. కాకిని తోలే పిల్లలు ట్యూషన్‌కి వెళ్ళారు. ఆడవాళ్ళు ఉద్యోగాలకి వెళ్ళారు. పంచెమీద ముక్కలు తిప్పడానికి నాలుగు మధ్యాహ్నాలు ఎవరిస్తారు? ఒరుగుల గురించి మురిసిపోయే మగాళ్ళు ఈ చివరి సంగతి మాట్లాడరు. ఆ ఎండలో కూర్చున్నది మా మామ్మ, మా అమ్మ. మా నాన్న కాదు. ఇక మిగిలిన కాయకి దారి ఒకటే, డీప్.

దాంతోపాటు నా చేతికి కొత్త జబ్బులు వచ్చాయి. కిక్కిరిసిన డీప్‌లో గడ్డకట్టిన పొట్లం రాకపోతే కత్తి పెట్టి పొడిచేవారు. అల్యూమినియం పలకకి చిల్లు పడి గ్యాసంతా సుయ్‌మని పోయేది. నా ఇల్లు కట్టింది ఆ కత్తులే అని మావిడ అంటుంది. మొదట్లో మేం ఎక్కించింది ఆర్-12 గ్యాసు. ఓజోన్ పొరకి హాని అని 1987 మాంట్రియల్ ఒప్పందం దానికి కళ్ళెం వేసింది. మన దేశం అందులో 1992లో చేరింది, 2010 కల్లా దాన్ని ఆపేసింది. తర్వాత 134ఏ, ఇప్పుడు 600ఏ, అంటే వంటగ్యాసుకి దగ్గర చుట్టమైన ఐసోబ్యూటేన్. పొట్లం చెడకుండా దాచే గ్యాసు ఆకాశానికి చిల్లు పెట్టిందని విన్నప్పుడు మా మెకానిక్కుల సంఘంలో ఎవరూ నమ్మలేదు.

గ్యాసు పోయిన ఫ్రిజ్ బాగుచెయ్యాలంటే ముందు డీప్ ఖాళీ చెయ్యాలి. అప్పుడు బయటికొచ్చేవాటిని చూస్తే డీప్ ఏం చేస్తుందో తెలుస్తుంది. అడుగున నల్ల సంచి. “ఏటే ఇది?” అని అత్తగారు అడిగితే కోడలికి తెలీదు. పైన మంచు తొడుగు, లోపల నిరుటి చిక్కుడో ముందటేటి గోంగూరో. ఎవరూ తినరు. నేను వెళ్ళాక పారేస్తారు. తినదగినదాన్ని ఈ వారం పారెయ్యడానికి మనసొప్పక డీప్‌లో పెట్టి, ఏడాది తర్వాత మనసు నొప్పి లేకుండా పారేస్తున్నాం. అప్పు వాయిదా వేసినట్టు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2024లో వేసిన లెక్కలో, 2022లో ప్రపంచమంతా కలిసి 105 కోట్ల టన్నుల తిండి వృథా చేసింది, అందులో 60 శాతం ఇళ్ళల్లోనే. మన దేశంలో ఇళ్ళ వాటా తలకి ఏడాదికి 55 కిలోలు. ఇంటింటా ఫ్రిజ్ ఉన్న దేశాలు కూడా ఈ లెక్కలో ఏమీ వెనకబడి లేవు. మా మామ్మ జాడీలో ఉన్నదేంటో అందరికీ తెలుసు, ఎందుకంటే దాన్ని ఎండబెట్టేటప్పుడు ఇల్లంతా చూసింది. నేను ఇళ్ళల్లో చెప్పే మాట ఒక్కటే: సంచిమీద పేరూ నెలా రాయండి, పాతది పైన పెట్టండి. సగం మంది నవ్వుతారు.

బాగా వాడేవాళ్ళూ ఉన్నారు, కాదనను. చింతపల్లి వైపు నుంచి చింతచిగురు దిగే నాలుగు వారాల్లో కొని, ఈనెలు తీసి, నలిపి, గుప్పెడేసి పొట్లాలు కట్టి ఆషాఢం దాకా పప్పులో వేసుకునే ఇల్లు మా వీధిలోనే ఉంది. ఎండబెట్టిన చిగురు కన్నా ఈ చిగురుకే పులుపు బాగుంటుందని నా నాలుక తీర్పు. మామిడి తురుమూ అంతే. వంకాయా కాకరా మాత్రం ఎండలోనే బాగుపడతాయి. కాకర ఒరుగు వేయిస్తే వచ్చే కరకర డీప్ ఏడేళ్ళు దాచినా ఇవ్వలేదు.

మా అమ్మాయి టెక్సాస్‌లో ఉంటుంది. అక్కడి ఇండియన్ స్టోర్ అద్దాల డీప్‌లో గోంగూర, మునక్కాడలు, చిక్కుడు గింజలు, పనస ముక్కలు, కొబ్బరి తురుము అన్నీ గడ్డకట్టి వరసగా ఉంటాయని వీడియోలో చూపించింది. అన్నీ ఉన్నా ఫోన్ చేసి అడిగేది మాత్రం గోరుచిక్కుడు ఒరుగులే. మా ఇంటి డీప్‌లోది కొరియర్‌లో అంత దూరం వెళ్ళలేదు, దారిలోనే కరుగుతుంది. ఒరుగులైతే వెళ్తాయి. అందుకని ఏప్రిల్, మే నెలల్లో మా ఊరి కొరియర్ దుకాణాల ముందు అమ్మలు అట్టపెట్టెలతో వరస కడతారు. ఆవకాయ, వడియాలు, ఊర మిరపకాయలు, ఒరుగులు. పార్సిల్‌కి కిలో లెక్కన డబ్బు తీసుకుంటారు. కిలో ఒరుగులంటే పది కిలోల దాకా పచ్చి కాయ. ఆ తొమ్మిది కిలోల నీళ్ళూ మేడమీదే దిగిపోతాయి.